ఖాళీ బండి తూకం

సీజన్ల పన్నెండు గంటలు నాకు ఈ అద్దాల డబ్బనే.
మిర్యాలగూడ, మిల్లు గేటు పక్కన కాంటా.
పొద్దుగాల పదింటికి ఎక్కితే
రాత్రి పదింటికి దిగుడు.

త్రిపురారం దిక్కు నుంచి ట్రాక్టరొస్తది.
నిండు బండి ఒకసారి తూస్త,
వడ్లు గుమ్మరించినంక ఖాళీ బండి ఇంకోసారి.
నిండుల నుంచి ఖాళీ తీసేస్తే
మిగిలినయి వడ్లు.
ఇంత సీదా లెక్క నాకింకోటి తెల్వది.

ఆకలి ఆరింటికొస్తది.
లైన్ల ఆగదు, హారన్ కొట్టదు,
సక్కగ వచ్చి లోపల నిలవడ్తది.
బయట అప్పుడే పద్నాలుగు బండ్లు,
"కాంటక్కా, జెర మాది తూయరాదె" అని గొంతులు.
చాయ్ తాగుత.
సంపత్ తెచ్చే చాయ్ల చక్కెర
చెంచా నిలవడేంత.
మల్లొక చాయ్. ముంచిన బిస్కిట్టు ఇరిగి
అడుగుకు పోతది, ఏలు పెట్టి తీసి తింట.
ఎనిమిదింటికి మిరపకాయ బజ్జీల పొట్లం.
నూనె పీల్చిన పేపరు అద్దమోలె అయి
అండ్ల నుంచి మొన్నటి వడ్ల ధర కనవడ్తది.

బాయిలరు దిక్కు నుంచి ఉడికిన వడ్ల వాసన
రాత్రంత రోడ్డు మీద పారుతనే ఉంటది.
ఎవరి కంచంలకో.

ఇంటికి పోయేసరికి పదకొండు.
అందరు పన్నరు.
వంటింట్ల లైటు ఎయ్య.
ఏస్తే గంజు అడుగు కనవడ్తది.
నిలవడే మూత తీస్త,
సల్లటి అన్నం, గోంగూర తొక్కు,
మల్ల అన్నం, గిన్నె గోడకు అంటిన పప్పు,
చిన్నది ఏరి పక్కన పెట్టిన ఆలుగడ్డ.
చెయ్యి తింటది, నోరు తింటది,
నేనేమో ఇంక కాంటా కాడనే
తర్వాతి బండి నంబరు రాసుకుంట ఉంట.
తిన్నట్టు తెలిసేది
పండుకున్నంక, ఛాతీల మంట లేసినంక.

కార్తీకంల మిల్లుకు షుగరు చూసేటోళ్లొచ్చిన్రు.
ఏలు మీద సూది గుచ్చి, మిషిన్ల అంకె చూసి
"రాత్రి ఎంత తింటవమ్మా?" అన్నది సిస్టరు.
పదకొండేండ్ల సంది
ఎవని బస్తాల ఎంతుందో చెప్పేదాన్ని.
నోరు పెగల్లే.

రాంబిలాస్ అని బీహార్ హమాలీ ఉన్నడు.
ఆరు కొట్టంగనే భుజం మీది గోనె దించుతడు.
సత్తుపిండి నీళ్లల్ల కలిపి
ఉల్లిగడ్డ మోకాలు మీద పెట్టి గుద్ది
లారీలకు ఈపు చేసి తింటడు.
సేటు కేకేసినా తల తిప్పడు.
"లారీ ఆగుతది అక్కా, పేట్ ఆగదు" అన్నడోసారి,
నన్ను చూసి కాదు, ఉల్లిగడ్డను చూసి.

తెల్లారి నుంచి డబ్బా తెస్తున్న.
జొన్నరొట్టె ఒకటి, పొద్దుటి చిక్కుడుకాయ కూర,
ఉప్పేసి ఉడకబెట్టిన బొబ్బర్లు పిడికెడు.
ఆరున్నరకు అద్దానికి అట్టముక్క ఆనిచ్చిన:
పది నిమిషాలు.
మొదటి దినం హారన్లతోని చెవులు పగిలినయి.
రొట్టె గొంతులనే నిలిచింది.
మూడో దినం నేరేడుచర్ల డ్రైవరొకడు
ఇంజను బంజేసి, సీటు మీద కాళ్లు సాపి
"తినక్కా, వడ్లేడికి పోవు" అన్నడు.
ఆ సప్పుడు లేనితనంల
బొబ్బర్లు నా పండ్ల కింద నలిగేది నాకే ఇనవడ్డది.

అన్ని దినాలు గట్లుండయి.
వానొచ్చేటట్టున్న శుక్రవారం నలభై బండ్లు,
డబ్బా తెరవకనే ఇంటికొచ్చింది.
ఆ రాత్రి మల్ల గంజు కాడ నిలవడ్డ.
మూత మీద చెయ్యి పెట్టి చానసేపు ఉన్న.
తర్వాత లైటేసిన.
కంచం తీసిన. కూసున్న.
పొద్దటి రొట్టె బిరుసెక్కింది, మజ్జిగల ముంచిన.
బజ్జీలు మాత్రం బేస్తవారం బేస్తవారం తింటున్న,
సంపత్‌కు చెప్పిన, రెండే తెమ్మని.
మూడు తెస్తడు.

నిన్న గేటేసినంక
ఎవ్వరు లేరని కాంటా మీదికి నేనే ఎక్కిన.
ఈ మిషినుకు పది కిలోల లోపు తెల్వదు.
అరవై అన్నది, డెబ్బై అన్నది,
మల్ల అరవై.
రొట్టె తిన్నంకనా, తినకముందా
దానికేం పట్టింది.
దిగి, అంకె సున్నాకొచ్చినదాంక చూసి
డబ్బా చేతుల పట్టుకొని
ఆఖరి ఆటో కోసం రోడ్డెక్కిన.